మూడు కిలోమీటర్ల మొక్కు

2006, శ్రావణ శుక్రవారం. భీమవరానికి ఆరు మైళ్ల దూరంలోని అక్కగారి ఇంటి వసారాలో, జువాలజీ లెక్చరరుగా రిటైరైన సుబ్బరామరాజుగారు చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నిలబడి ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటింది. అక్కగారి కోడలు హైమని గుడికి తీసుకువెళ్లే ఆటో అయిదింటికి వస్తుంది.

“మూడు రోజులే కదరా తమ్ముడూ. ముప్ఫై ఎనిమిది రోజులు తిరిగిన పిల్ల, ఇంకో మూడు రోజులు తిరగలేదా?”

“తిరగగలదు అక్కయ్యా. తిరిగితే చచ్చిపోతుంది. ఆ మాట చెప్పడానికే వచ్చాను.”

“ఛీ! శ్రావణ శుక్రవారం పూట, ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల గురించి ఏం మాటలురా అవి?”

“శుక్రవారమైనా అదే మాట, శనివారమైనా అదే మాట.”

“ముందు కూర్చో. కాఫీ పెట్టమంటావా, మజ్జిగ తాగుతావా?”

“ఏమీ వద్దు. పొద్దున్నే బుజ్జిబాబు నా దగ్గరికొచ్చాడు. నీ కొడుకే. ముప్ఫై నాలుగేళ్లవాడు మా వీధి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.”

“ఎందుకూ? చెరువులో రొయ్యకి మళ్లీ తెగులొచ్చిందా?”

“రొయ్యకి కాదు. నిన్న హైమకి స్కానింగు చేయించాడు కదా.”

“చేయించాడు. అంతా బావుందట. నాతో చెప్పాడు.”

“బాగాలేదని నీతో చెప్పే ధైర్యం లేక అలా చెప్పాడు. మాయ కింద ఉంది అక్కయ్యా. గర్భసంచి నోటికి అడ్డంగా పరుచుకుని ఉంది. ఇంక అక్కడ కొంచెం కదిలినా నెత్తురు మొదలవుతుంది. మొదలైతే భీమవరం చేరేలోపు ఆగదు. బుధవారం మరకలు కూడా కనిపించాయట. లేడీ డాక్టరు మంచం దిగొద్దంది. నడక లేదు, మెట్లు లేవు, గుడి లేదు.”

“మంచమా? పోయినసారి మంచమే కదరా ఎక్కించాను! తొమ్మిది నెలలూ కాలు కింద పెట్టనివ్వలేదు. సున్నుండలు మంచం మీదికే, అన్నం మంచం మీదికే. ఏమైంది? సాయికిరణ్‌కి ఆరేళ్లొచ్చాయి. ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి నాయనమ్మా అని పిలిచాడా? వాడికి మాట రాలేదని నేను ఏడుస్తుంటే, ‘ఆ పిల్లని ఈసారైనా కాస్త కదలనివ్వు, తల్లి ఒళ్లు కదిలితే కడుపులో బిడ్డ బుర్రకి మంచిదంటున్నారు’ అన్నది ఎవరు? నువ్వు కాదూ?”

“నేనే.”

“ఇప్పుడు మళ్లీ నువ్వే మంచం అంటావు. నీ సైన్సు ఆర్నెల్లకో మాట మారుస్తుంది. అమ్మవారు మార్చదు.”

“తప్పని తెలిస్తే మార్చుకోవడమే దానిలో ఉన్న మంచి. సరే, ఆ తగవు మనకి నలభై ఏళ్లుగా ఉంది, ఇవాళ వద్దు. మేడ మీద ఏంటా చప్పుడు?”

“సాయికిరణ్ అయ్యుంటాడు. వాడికి కాలు ఒకచోట నిలవదు. ఆ చివర్నుంచి ఈ చివరికి, ఈ చివర్నుంచి ఆ చివరికి.”

“హైమ ఎక్కడ?”

“గదిలో పడుకుంది. అయిదింటిదాకా పడుకోమని నేనే చెప్పాను. నేనేమైనా రాక్షసినట్రా?”

“కాదు. నువ్వు రాక్షసివి కాదు. తప్పు నాది. అక్కయ్యా, ఒక సంగతి చెప్తాను. విన్నాక తిట్టు, ఈ గుమ్మం తొక్కొద్దను, పడతాను. కానీ ఆటో వచ్చేలోపు పూర్తిగా విను.”

“చెప్పు.”

“పెద్దాపురం సిద్ధాంతిగారు లేరు.”

“అయ్యో! పోయారా? ఎప్పుడు?”

“పోవడం కాదు. అసలు లేరు. పుట్టలేదు. నేనే పుట్టించాను.”

“అదేం మాట?”

“హేతువాద సంఘం సభకి పెద్దాపురం వెళ్లిన మాట నిజం. అక్కడ హైమ జాతకం చూపించాననడం అబద్ధం. మండలం రోజులు అమ్మవారి చుట్టూ రోజూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తే పుట్టేవాడికి వాక్కు వస్తుందని చీటీ తెచ్చిచ్చాను చూడు, ఆ చీటీ నేనే రాశాను. మా వంటింట్లో, ఎడమచేత్తో. పాతదానిలా ఉండాలని అంచులకి పోపులడబ్బాలో పసుపు రాశాను.”

“దానికి రోజూ కుంకుమ పెడుతున్నాను.”

“తెలుసు. చూసినప్పుడల్లా సిగ్గుపడుతున్నాను.”

“ఎందుకు చేశావురా ఇలాంటి పని?”

“హైమని రోజూ కాస్త నడవనివ్వమని నిన్ను మూడుసార్లు అడిగాను. ఏమన్నావు?”

“రాజుల ఇంటి కోడలు చెప్పులేసుకుని రోడ్డు మీద షికారు తిరగడమేంటన్నాను. ఇప్పుడూ అంటాను.”

“పోనీ మేడ మీద నడుస్తుందిలే అంటే?”

“చుట్టుపక్కల మేడలవాళ్లు చూస్తారన్నాను.”

“గుడికి పంపమంటే మాత్రం పసుపు రాసిన కాళ్లతో నువ్వే ఆటో ఎక్కించావు. మన ఆడవాళ్లకి ఆ ఒక్క దారే తెరిచి ఉంచారు మనవాళ్లు. నేనూ ఆ దారినే పంపించాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను. అప్పటి స్కానింగులో ఏ దోషమూ చెప్పలేదు. ఉందని తెలిస్తే పంపేవాణ్ణా?”

“నూట ఎనిమిది అన్నది కూడా నీ కల్పనేనా?”

“నా లెక్క. గుడి చుట్టూ టేపు పెట్టి కొలిచాను. ఇరవై ఎనిమిది మీటర్లు. నూట ఎనిమిది సార్లు తిరిగితే మూడు కిలోమీటర్ల ఇరవై నాలుగు మీటర్లు. రోజుకి మూడు కిలోమీటర్లు చాలుననుకున్నాను.”

“ఓహో, అందుకా టేపు! నువ్వు ప్రహరీ కట్టిస్తావని పూజారిగారు ఊరంతా చెప్పుకుని మురిసిపోయారు.”

“పాపం.”

“ఉండు, ఉండు. నీకు కావలసింది మూడు కిలోమీటర్లు. అమ్మవారికి కావలసింది నూట ఎనిమిది. ఆ రెండూ అంత చక్కగా ఎలా కలిశాయి? నువ్వు పుట్టకముందు కట్టిన గుడిరా అది. నీ లెక్క తెలిసే కట్టారా?”

“కాకతాళీయం అక్కయ్యా.”

“నీకు అంతుపట్టనిదానికి నువ్వు పెట్టుకున్న పేరు అది.”

“అయ్యో, టైము అవుతోంది! కాగితం ఇవ్వు. ఆ కేలెండరు కాగితమే చించు. పెన్ను నా జేబులో ఉంది. నీ కళ్లముందు రాస్తాను, చూడు. ఇది ఎడమచెయ్యి. ‘మండలము దినములు.’ చూశావా? అదే వంకర. ఆ చివర అదే తోక. పోల్చి చూసుకో.”

“అవును. అదే.”

“హమ్మయ్య.”

“నీ చేత రాయించింది.”

“ఎవరు?”

“ఇంకెవరు? నలభై ఏళ్లు గుడి మెట్టెక్కనివాడివి. నీ కుడిచెయ్యి ఎలాగూ ఒప్పుకోదని ఎడమచేత్తో రాయించింది. నువ్వు అబద్ధం రాస్తున్నాననుకున్నావు. ఆవిడ నిజం రాయించుకుంది.”

“అక్కయ్యా, నీకు దణ్ణం పెడతాను. నేను దొంగనని రుజువు చూపిస్తే నన్ను మహాత్ముణ్ణి చేస్తావేం?”

“అరవకు. పిల్ల లేస్తుంది.”

“అరవనూ? బుజ్జిబాబు ఇవాళ ఎక్కడున్నాడో తెలుసా? ఆస్పత్రిలో, రక్తం ఇచ్చేవాళ్లకోసం స్నేహితులని బతిమాలుకుంటున్నాడు. ముందుగా రెండు సీసాలు సిద్ధం చేసుకోమంది డాక్టరు. జరిగితే జరగొచ్చునని కాదు. నడిస్తే జరుగుతుందనే ఆవిడ అంటోంది. నీ కోడలు ఆ గుడి వెనక బండల మీద, వాన నీళ్లలో, నెత్తురోడుతూ కూలబడుతుంది. నువ్వు గోత్రనామాలు చదువుతూ ఉంటావు.”

“ఒరేయ్!”

“కాదంటావా? సరే, రాయించింది ఆవిడేననుకో. చీటీ రాయించినావిడ ఇవాళ నన్నెందుకు పంపిందంటావు? ఎండలో, షుగరు మనిషిని, రెండు బస్సులు మార్పించి?”

“ఏమో.”

“ఆపమనడానికి పంపిందేమో.”

“నువ్వు నమ్మకుండా అంటున్నావు ఆ మాట.”

“నేను నమ్మడం ఎందుకు? నువ్వు నమ్ము చాలు.”

“మండలం మధ్యలో ఆపితే మొక్కు విరిగిపోతుందిరా. వాడికీ మాట రాకపోతే? ఆ పిల్ల మొహం నేను చూడగలనా? పోయినసారి మంచం ఎక్కించింది నేను. ఈసారి గుడి మాన్పించిందీ నేనే అవుతాను. రెండుసార్లూ నా చేతి మీదుగానేనా?”

“అందుకా ఇంత పట్టు పడుతున్నావు?”

“ఇంకెందుకనుకున్నావు? రాత్రుళ్లు నాకు నిద్ర ఉందనుకున్నావా?”

“ఏడవకు. విను. మీ మొక్కుల్లో మినహాయింపులుంటాయి కదా. మధ్యలో మైల వస్తే, జ్వరం వస్తే, ఏం చేస్తారు?”

“ఇంటివాళ్లెవరైనా ఆ మనిషి పేరు చెప్పి తిరుగుతారు. చెల్లుతుంది.”

“చెల్లుతుందా? నిజంగా?”

“ఎందుకు చెల్లదు? మా అత్తగారికి కాలు విరిగితే నేను తిరగలేదూ? కానీ నా మోకాళ్లు చూశావుగా. బాత్రూముకే గోడ పట్టుకుని వెళ్తున్నాను. సరేలే, పాక్కుంటూ అయినా తిరుగుతాను.”

“నువ్వొద్దు. నేను తిరుగుతాను.”

“ఎవరు?”

“నేను.”

“ఎక్కడ?”

“గుడి చుట్టూ.”

“నూట ఎనిమిదీ?”

“మూడు కిలోమీటర్ల ఇరవై నాలుగు మీటర్లు. పొద్దున్న నేను నడిచేదానికంటే తక్కువే.”

“చెప్పులు విప్పి?”

“విప్పి. ఇవిగో, ఇప్పుడే విప్పాను.”

“హైమ పేరూ గోత్రమూ చెప్పి, బొట్టు పెట్టుకుని?”

“పెట్టు.”

“కొబ్బరికాయ కొడతావా?”

“కొడతాను.”

“మీ సంఘంవాళ్లు చూస్తే?”

“చూడనీ. ముప్ఫై ఏళ్లు నా ఉపన్యాసాలు విన్నారు. ఇదీ చూస్తారు.”

“నాన్నగారు పోయినప్పుడు కర్మ చెయ్యమంటే, నమ్మనిది చెయ్యనని గడప దాటి వెళ్లిపోయావు. అమ్మ నీ కాళ్లు పట్టుకుంది. అప్పుడు చెయ్యనివాడివి, నా కోడలి కోసం చేస్తావుట్రా?”

“చేస్తాను. ఆ రోజు నాన్నగారు ఎలాగూ లేరు. ఇవాళ ఈ పిల్ల ఉంది.”

“సరే. తమ్ముడూ, సరే. నువ్వు తిరుగు. అమ్మవారు ఒప్పుకుంటుంది, నేను చెప్పుకుంటాను. ఆ పిల్ల మంచం దిగకుండా నేను కాపలా కూర్చుంటాను. రత్తమ్మా! ఒసేయ్ రత్తమ్మా! హైమని లేపి, ఇవాళ గుడికి రావక్కర్లేదని చెప్పు. స్నానానికి లేవొద్దను.”

“చిన్నమ్మగారు గదిలో లేరండి.”

“లేకపోవడమేంటి? ఇందాకే పడుకుంది.”

“మంచం మీద సాయికిరణ్ బాబుగారండి. భోజనం చేసినకాడ్నించి నిద్రపోతున్నారండి.”

“వాడు గదిలో నిద్రపోతుంటే, మేడ మీద తిరిగేదెవరే? నిన్నే, రత్తమ్మా.”

“చెప్పొద్దన్నారండి.”

“ఎన్నాళ్లనుంచి?”

“గుడికెళ్లడం మొదలెట్టిన మర్నాటినుంచండి. గుడిలో నూట ఎనిమిదండి, మేడ మీద నూట ఎనిమిదండి. ఎవరికీ కనపడకుండా ఉతికిన చీరలే మళ్లీ తడిపించి చుట్టూరా దండేలకి ఆరేయిస్తున్నారండి. నేను వద్దంటానే ఉన్నానండి, అమ్మతోడండి.”

“హైమా! అమ్మా హైమా! దిగిరా. కాదు, దిగకు! ఆగు, ఆ పై మెట్టు మీదే ఆగు. గోడ పట్టుకుని కూర్చో. నేనే వస్తున్నాను.”

“రాకండి బాబాయిగారూ. ఎండన పడి వచ్చారు. నాకు ఇక్కడికి వినపడుతుంది. ఇందాకట్నుంచీ అన్నీ వినపడుతున్నాయి.”

“విన్నావా? అయితే ఇంకేం, చెప్పక్కర్లేదు. మీ అత్తయ్యగారు ఒప్పుకున్నారు. మొక్కు బాధ్యత నాది. రత్తమ్మ చాప తెస్తుంది, అక్కడే పడుకో. బుజ్జిబాబు కారు తీసుకొస్తాడు, నలుగురం పట్టుకుని దింపి ఆస్పత్రిలో చేరుస్తాం.”

“ఇంకా నలభై ఉన్నాయండి.”

“ఏం నలభై?”

“చుట్లు.”

“అదే కదమ్మా, మొక్కు నేను తీరుస్తానంటున్నాను.”

“నేను నడిచేది మొక్కు కోసం కాదండి. ఆ చీటీ నేను మొదటిరోజే నమ్మలేదు. ‘భోజనమైన రెండు గంటల తర్వాత, మధ్యమధ్య నీళ్లు తాగుచు’ అని ఏ సిద్ధాంతి రాస్తాడండీ? ఇంటర్‌లో రెండేళ్లు మీ దగ్గర జువాలజీ చదువుకున్నాను. మీ నోట్సు నాకు తెలియదా? చూడగానే నవ్వొచ్చింది.”

“మరెందుకమ్మా ఇది?”

“మీ వ్యాసం నమ్మాను. ఆదివారం పేపర్లో వచ్చింది చూడండి, ‘తల్లి నడిస్తే బిడ్డకు తెలివి’. అత్తయ్యగారు మీ చీటీకి కుంకుమ పెట్టారు. నేను మీ వ్యాసానికి లామినేషన్ చేయించుకున్నాను. తలగడ కింద ఉంది.”

“ఆ హెడ్డింగు నాది కాదు. పేపరువాళ్లు పెట్టారు. నేను రాసింది ఎలుకల గురించి. కడుపుతో ఉన్న ఎలుకలని చక్రంలో పరుగెత్తించారు. వాటి పిల్లలు దారి తొందరగా గుర్తుపట్టాయి, జ్ఞాపకం ఉండే చోట కణాలు కాస్త ఎక్కువ కనపడ్డాయి. అంతే.”

“ఎలుకలు మూడో పేరాలో ఉన్నాయండి. మొదటి పేరాలో తల్లి ఉంది.”

“చివర ఇంకో పేరా ఉంది. మనుషుల్లో ఇది ఇంకా తేలలేదని రాశాను. ఏ బిడ్డ విషయంలోనూ తల్లిని తప్పుపట్టడానికి ఇది ఆధారం కాదని కూడా రాశాను, నిన్ను తలుచుకునే రాశాను. చోటు చాల్లేదని దాన్ని కోసేశారు.”

“నేను చదివింది అచ్చయిందే కదండీ.”

“నిజమే. ఆ రోజే ఫోన్ చేసి చెప్పవలసింది. అచ్చులో నా పేరు చూసుకునే సంబరంలో చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, విను. ఆ ఎలుకలన్నీ ఆరోగ్యంగా ఉన్నవి. నెత్తురు కనపడిన ఎలుకని ఎవరూ చక్రం ఎక్కించలేదు.”

“ఒక్క మాట అడుగుతాను, చెప్తారా?”

“అడుగమ్మా.”

“నేను తొమ్మిది నెలలూ పడుకోబట్టేనా సాయికిరణ్ ఇలా పుట్టాడు?”

“కాదు.”

“నిజంగా?”

“ముమ్మాటికీ కాదు.”

“రెండేళ్లలో మీరు క్లాసులో ఒక్కసారి కూడా ముమ్మాటికీ అనలేదండి. ‘ఇప్పటికి తెలిసినంతలో’ అనేవారు. ‘చాలావరకు’ అనేవారు. మేము వెనక బెంచీలో లెక్కపెట్టేవాళ్లం, గంటలో ఎన్నిసార్లు అంటారో.”

“హైమా…”

“ఇది కూడా ఎడమచేత్తోనే చెప్తున్నారా బాబాయిగారూ? చెప్పండి.”

“ఇప్పటికి తెలిసినంతలో, అది కారణమయ్యే అవకాశం చాలా తక్కువ. వాడికి ఏది కారణమో హైదరాబాదు డాక్టర్లకే అంతుపట్టలేదు. నాకూ తెలియదు.”

“తక్కువంటే, ఉందనే కదండీ.”

“అలా కాదమ్మా. తెలియదు అనడానికీ, ఉంది అనడానికీ చాలా దూరం.”

“మీకు దూరం. నాకు పక్కనే ఉంది, రోజూ అన్నం తినిపిస్తాను దానికి. మన రత్తమ్మని చూడండి. దీని కూతురు సాయిదుర్గ కడుపులో ఉండగా, తొమ్మిదో నెల దాకా వంగి నాట్లు వేసిందట. సాయిదుర్గకి టెన్త్‌లో అయిదువందల ముప్ఫై మార్కులు. నేనేమో మంచం మీద సున్నుండలు తిన్నాను.”

“ఒక్క సాయిదుర్గనే లెక్కపెట్టకు. రత్తమ్మా, నువ్వు చెప్పు. నీకు మొత్తం ఎందరు?”

“నలుగురండి.”

“ఉన్నది?”

“అదొక్కతేనండి. ముగ్గురు పోయారండి. ఇద్దరు కడుపులోనే. ఒకడైతే చేలోనేనండి, గట్టు మీదికి వచ్చేలోపు. చిన్నమ్మగారూ, నన్ను చూసి మీరు నడవకండమ్మా. నేను నడవలేక నడిచానండి, ఆ పూట కూలి పోద్దని.”

“విన్నావా హైమా? మిగిలినవాళ్లనే చూసి లెక్క కడితే వచ్చే తప్పు ఇదే.”

“మిగిలింది మాట్లాడుతోంది కదండీ.”

“అమ్మాయ్! ఏం మాటలే అవి? వాడిలాంటివాడే ఇంకొకడు పుడితే పుట్టనీ. నేను పెంచనూ? సాయికిరణ్‌ని ఎత్తుకుని తిరగలేదూ? వాడు నవ్వితే నాకు ఇల్లంతా దీపాలు పెట్టినట్టుంటుందే.”

“మీరు పెంచుతారండి అత్తయ్యగారూ. మీకంటే బాగా నేను కూడా పెంచలేను. మీ తర్వాత ఎవరండీ? నా తర్వాత? దాహమేస్తే వాడికి అడగడం రాదు. గ్లాసు దగ్గరికెళ్లి నిలబడతాడు, మనం చూసేదాకా. మనం ఎవరమూ లేని రోజు, ఆ గ్లాసు దగ్గర ఎంతసేపు నిలబడతాడండీ?”

“హైమా…”

“వాడికి నీళ్లివ్వమని అడిగే నోరు ఒకటి కావాలి ఇంట్లో. అందుకే ఈ కడుపు. ఇది నేను సరదాకి మోస్తున్నది కాదు. పుట్టేవాడు తెలివైనవాడు కావాలి బాబాయిగారూ. ఊరికే పుడితే చాలదు.”

“సరే, నీ లెక్కలోనే చెప్తాను. నడిచి నెత్తురు మొదలైతే నువ్వుండవు. వాడూ పుట్టడు. అప్పుడు ఆ గ్లాసు దగ్గర సాయికిరణ్ ఒక్కడే, రేపట్నుంచే.”

“అది కూడా ముమ్మాటికీనా? డాక్టరమ్మ అంత గట్టిగా అన్నారా, మీరు గట్టి చేశారా?”

“డాక్టరే అంది!”

“మీరు ఏది ఎంత చేసి చెప్తారో నాకింక తెలియడం లేదండి. మంచి కోసం చీటీ రాశారు. మంచి కోసం ఇప్పుడే ముమ్మాటికీ అన్నారు. ఇదీ మంచి కోసమే అయ్యుంటుంది. కోపంతో అనడం లేదండి. నాకు మీరంటే గౌరవం.”

“అయితే బుజ్జిబాబుకి ఫోన్ చేస్తాను. వాడు చెప్తాడు. డాక్టరుతోనే మాట్లాడు.”

“చెయ్యండి. ఈలోపు నావి అయిపోతాయి.”

“రత్తమ్మా, పైకెళ్లు. మెల్లగా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు.”

“వద్దు రత్తమ్మా, ఆగు. పట్టుకుంటే పెనుగులాడతాను. అది నడకకంటే చెడ్డది కదండీ బాబాయిగారూ?”

“చెడ్డదే. రత్తమ్మా, ఆగు. వెళ్లకు.”

“అమ్మగారూ, ఆటో వచ్చిందండి. వాకిట్లో హారన్ కొడుతున్నాడండి.”

“ఉండమను. తమ్ముడు వెళ్తాడని చెప్పు. ఇలా వంగరా, బొట్టు పెడతాను. చూడు హైమా, ఇటు చూడమ్మా! మీ బాబాయిగారు చెప్పులు విప్పారు. బొట్టు పెట్టుకున్నారు. వాళ్లమ్మ ఏడిస్తే పెట్టుకోని బొట్టు, నీ కోసం పెట్టుకున్నారు. నీ పేరు మీద నూట ఎనిమిదీ ఆయన తిరుగుతారు. మూడు రోజులూ తిరుగుతారు. చెల్లుతుందమ్మా, నేను పూచీ. ఇవాల్టినుంచి నీ కాళ్లకి పనిలేదు. కూర్చో తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను, కూర్చో.”

“అమ్మవారికి ఎవరు తిరిగినా చెల్లుతుందండీ అత్తయ్యగారూ. కడుపులో వాడికి నేను నడిస్తేనే చెల్లుతుందట, బాబాయిగారే రాశారు. మీరు బయల్దేరండి బాబాయిగారూ, గుడి బండలు తడిసి ఉంటాయి, చూసుకుని తిరగండి. నావి ఇంకా నలభై ఉన్నాయి.”